రాజు, రోజా ఒకే మనిషి ఎలా అయ్యారు: తెలుగు పేర్ల స్ట్రింగులపై ఒక కేస్ స్టడీ

ఒక పాల ఉత్పత్తిదారుల సంఘంలో అన్నాచెల్లెళ్లిద్దరు విడివిడిగా పాలు పోస్తారు. ఎవరి సభ్యత్వం వాళ్లది, ఎవరి బ్యాంకు ఖాతా వాళ్లది. సభ్యుల జాబితాను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాక వచ్చిన మొదటి బిల్లులో చెల్లెలి పాల డబ్బు కూడా అన్న ఖాతాలోనే పడింది. జాబితాలో చూస్తే చెల్లెలి పేరే లేదు. డూప్లికేట్ ఎంట్రీ అని గుర్తించి తీసేసినట్టు లాగ్‌లో ఉంది. అన్న పేరు రాజు, చెల్లెలి పేరు రోజా. అసలు పేర్లు ఇవి కావు, కానీ అక్షరాల తకరారు మాత్రం ఇదే.

పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది. దాణా బాకీ, పిల్లల ఫీజు, కిరాణా అన్నీ దానిమీదే నడుస్తాయి. ఒక్క విడత డబ్బు పక్క ఖాతాకు పోతే ఆ ఇంట్లో ఎంత టెన్షనో నేను చెప్పక్కర్లేదు. అలాంటి కేసులు ఇంకొన్ని బయటపడ్డాక, పేర్లను పోల్చే భాగాన్ని సరిచేయమని నన్ను పిలిచారు. కోడ్ అంతా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. ఇందులో నేను చూసినవి తెలుగు స్ట్రింగులతో, అంటే కంప్యూటర్‌లోని అక్షరాల వరుసలతో, పనిచేసే ఎవరికైనా ఎదురవుతాయి, అందుకే వివరంగా రాస్తున్నాను.

డేటా ఎక్కడి నుంచి వచ్చింది

జాబితాలు రెండు. పాతది ఎప్పుడో డీటీపీ ఆపరేటర్ యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే ప్రమాణం) కాని ఫాంటులో టైప్ చేసినది. దాన్ని ఒక కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చారు. రెండోది పాల కేంద్రాల్లో ఫోన్ యాప్ ద్వారా కొత్తగా నమోదు చేసినది. రెండింటినీ కలిపి ఒక్కో సభ్యుడికి ఒక్క వరుస మిగల్చాలి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు కలిపి ఒక కీ తయారుచేసి, కీలు ఒకటైతే మనిషి ఒకరే అని ఆ కోడ్ తీర్మానించేది.

సంఘం సెక్రటరీ గారు నాకు రెండు జాబితాలూ ప్రింట్ తీసి చూపించారు. "చూడండి సార్, ఇందులో చైతన్య, అందులో చైతన్య. తండ్రి పేరూ ఒకటే, ఊరూ ఒకటే. ఇద్దరూ ఒకరేనని మాకు తెలుస్తుంటే కంప్యూటర్‌కి ఎందుకు తెలియదు? ఆ రాజు, రోజా మాత్రం ఒకరే ఎలా అయ్యారు?" అని అడిగారు. సమస్య మొత్తం ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది. ఒకటి కావాల్సినవి వేరవుతున్నాయి, వేరు కావాల్సినవి ఒకటవుతున్నాయి.

ఒక లైను మింగేసిన గుణింతాలు

రెండో ప్రశ్నతోనే మొదలుపెట్టాను, ఎందుకంటే డబ్బు తప్పుదారి పట్టింది అక్కడే. పేర్లలో చుక్కలు, కామాలు, బ్రాకెట్లు ఉంటే వాటిని తీసేయడానికి కోడ్‌లో ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల నమూనాను వెతికే సూత్రం, ఉంది. అవేవీ లేని పేర్ల జోలికి అది పోదు. "పదానికి చెందిన అక్షరాలు, ఖాళీలు తప్ప మిగతావన్నీ తీసెయ్" అని దాని అర్థం. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా దొరికే లైను అది. పదానికి చెందిన అక్షరాలు అనడానికి అందులో వాడే గుర్తు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ.

పైథాన్‌తో పాటు వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (రెగెక్స్) మాడ్యూల్‌లో ఈ గుర్తుకు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే లెక్క. తెలుగులో 'ర' అక్షరమే. కానీ దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఓత్వం, పొల్లు, సున్న ఇవన్నీ యూనికోడ్ వర్గీకరణలో 'మార్క్' అనే వేరే జాతి కిందికి వస్తాయి. కాబట్టి ఆ లైను వాటిని చెత్తగా భావించి తీసేస్తుంది. 'రాజు'లో దీర్ఘం, కొమ్ము పోతే మిగిలేది 'రజ'. 'రోజా'లో ఓత్వం, దీర్ఘం పోతే మిగిలేదీ 'రజ'. తండ్రి ఒకరే, ఊరు ఒకటే. కీ కలిసిపోయింది.

'వెంకట' అయితే 'వకట', 'లక్ష్మి' అయితే 'లకషమ' అవుతుంది. కీలను ఒకసారి స్క్రీన్ మీద ప్రింట్ చేసి ఉంటే తెలుగు చదవడం వచ్చిన ఎవరైనా పట్టేసేవారు. పరీక్షలన్నీ ఇంగ్లిష్ పేర్లతో జరిగాయి. ఇంగ్లిష్‌లో అచ్చులు కూడా అక్షరాలే కాబట్టి ఆ లైను అక్కడ ఏ నష్టమూ చేయదు.

ఇదే జబ్బు పేర్లను దిద్దే ఫారంలో ఇంకో రూపంలో కనిపించింది. పేరులో అక్షరాలే ఉన్నాయో లేదో చూడటానికి ఈజ్‌ఆల్ఫా అనే మెథడ్ వాడారు. అది 'రమ'ను ఒప్పుకుంటుంది, 'రామ'ను ఒప్పుకోదు. తెలుగు పేర్లలో గుణింతం, ఒత్తు, సున్న ఏదీ లేనివి ఎన్ని ఉంటాయి? ఫారంలో పేరు తిరస్కరణకు గురైన పాల కేంద్రం వాళ్లు చివరికి ఇంగ్లిష్‌లో కొట్టి పని కానిచ్చారు. దాంతో జాబితాలో రెండు లిపులు కలిసిపోయి తలనొప్పి ఇంకా పెరిగింది.

సరిచేయడం కష్టం కాదు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో ప్రతి క్యారెక్టర్ ఏ వర్గమో చెప్పే ఫంక్షన్ ఉంది. అక్షరాలు, మార్కులు, అంకెలు, ఖాళీలు ఉంచి, విరామ చిహ్నాలనూ ఇతర గుర్తులనూ తీసేసేలా రాశాను. మార్కులను పదంలో భాగంగా చూసే రెగెక్స్ మాడ్యూల్ విడిగా దొరుకుతుంది. సంఘం సర్వర్‌లో బయటి ప్యాకేజీలు వేయడం కుదరదు కాబట్టి నేను పైథాన్‌లో ఉన్నదానితోనే సర్దుకున్నాను.

చూడ్డానికి ఒకటే, లోపల వేరు

ఇక చైతన్య సంగతి. పోల్చడం మొదలుపెట్టే ముందు రెండు జాబితాల్లోని మొత్తం క్యారెక్టర్లను కౌంటర్‌తో లెక్కపెట్టి, ఏ కోడ్ పాయింట్, అంటే యూనికోడ్ నంబరు, ఎన్నిసార్లు వచ్చిందో పట్టీ తీశాను. కొత్త డేటా ఏది చేతికొచ్చినా నేను చేసే మొదటి పని ఇది. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన జాగా 3072 నుంచి 3199 వరకు. ఆ హద్దు బయట ఉన్నవన్నీ సంజాయిషీ చెప్పుకోవాలి. లోపల ఉన్నవాటిలో కూడా పేర్లలో రాకూడనివి ఏవో చూడాలి.

చైతన్యలోని ఐత్వం యాప్ జాబితాలో ఒకే కోడ్ పాయింట్, 3144. పాత జాబితాలో అదే ఐత్వం రెండు ముక్కలుగా ఉంది: 3142 అంటే ఎత్వం, 3158 అంటే కింద వేలాడే ఐత్వపు ముక్క. పాత ఫాంట్లలో పైభాగం, కిందిభాగం వేర్వేరు అచ్చుముక్కలు. కన్వర్టర్ వాటిని అలాగే విడివిడిగా మార్చేసింది. తెరమీద తేడా ఇసుమంత కూడా కనిపించదు. పైథాన్ మాత్రం రెండు స్ట్రింగులూ సమానం కావు అంటుంది, పొడవు కూడా ఒకటి తేడాగా చెబుతుంది. యూనికోడ్ ప్రమాణం ఈ రెండు రూపాలూ ఒకటేనని స్పష్టంగా చెప్పింది. ఎన్‌ఎఫ్‌సీ అనే నార్మలైజేషన్, అంటే ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకే రూపానికి తేవడం, చేస్తే 3142, 3158 కలిసి 3144గా మారతాయి. ఐత్వానికి సంబంధించిన పంచాయితీ అంతా ఆ ఒక్క పిలుపుతో తీరిపోయింది.

నార్మలైజ్ చేశాం కదా, ఇక అన్నీ సర్దుకుంటాయి అనుకోవడానికి మాత్రం వీల్లేదు. తెలుగు గుణింతాల్లో ఎన్‌ఎఫ్‌సీ పట్టించుకునేది ఈ ఒక్క ఐత్వాన్నే. మిగతా తప్పులు మనమే ఏరుకోవాలి.

వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది సున్న. 'వెంకట' అని రాయాల్సినచోట సున్న బదులు తెలుగు అంకె సున్నాను కొట్టారు. అసలు సున్న 3074, అంకె సున్నా 3174. చాలా ఫాంట్లలో రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. కొందరు ఇంగ్లిష్ ఓ అక్షరాన్నే పెట్టేశారు. ఏ నార్మలైజేషనూ వీటిని మార్చదు, ఎందుకంటే యూనికోడ్ దృష్టిలో అంకె అంకే. నేను పెట్టుకున్న సూత్రం ఇది: అంకె సున్నాకు ముందు తెలుగు అక్షరమో గుణింతమో ఉంటే అది సున్నగా మారాలి. ముందు ఇంకో అంకె ఉంటే ముట్టుకోకూడదు, ఎందుకంటే అది ఇంటి నంబరు కావచ్చు. తెలుగు అక్షరాల మధ్య ఒంటరిగా ఇరుక్కున్న ఇంగ్లిష్ ఓ కూడా సున్నే.

తర్వాతిది ఒత్తుల వరుస. పాత ఫాంట్లలో కంటికి కనిపించే వరుసలో ముక్కలు పేర్చుకుంటూ పోతారు. 'లక్ష్మి'లో గుడి 'క్ష' మీద ఉంటుంది, మావత్తు కింద ఉంటుంది. అందుకని ఆపరేటర్ ముందు గుడితో ఉన్న క్షి కొట్టి, ఆ తర్వాత మావత్తు కొట్టారు. యూనికోడ్‌లో హల్లులన్నీ పొల్లుతో కలిసిపోయాక చివర్లో గుణింతం రావాలి. కన్వర్టర్ వరుస మార్చకుండా వదిలేసింది. దీన్ని పట్టుకోవడం తేలిక: తెలుగులో గుణింతం గుర్తు వెనకే పొల్లు రావడం ఉండదు. అలా వచ్చినచోటల్లా ఆ గుణింతాన్ని తీసి, ఆ పొల్లూ దాని తర్వాతి హల్లూ దాటాక పెట్టాలి. రెండు గుణింతాలు పక్కపక్కన వచ్చినచోట, ఉదాహరణకు ఒత్వం బదులు ఎత్వమూ కొమ్మూ ఉన్నచోట, ఆటోమేటిగ్గా దిద్దకుండా మనిషికి చూపించేలా పెట్టాను. అక్కడ అసలు ఉద్దేశం ఏమిటో కోడ్ ఊహించకూడదు.

ఇక కంటికే కనిపించని క్యారెక్టర్లు. 'రాజ్‌కుమార్' అని విడిగా కనిపించాలంటే పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి, దాని నంబరు 8204. అది లేకపోతే 'రాజ్కుమార్' అయిపోయి జ కింద కావత్తు వస్తుంది. కొన్ని కీబోర్డులు దీన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. కొన్ని అవసరం లేనిచోట కూడా వదులుతాయి. పేరు చివర్లో అది ఉంటే పైథాన్ స్ట్రిప్ మెథడ్‌తో పోదు, ఎందుకంటే అది ఖాళీ జాతికి చెందదు. ఫైలు మొదట్లో కొన్ని ప్రోగ్రాములు పెట్టే కనిపించని గుర్తు 65279 కూడా అంతే. జాబితాలో మొట్టమొదటి సభ్యుడు ఎవరితోనూ కలవకపోవడానికి కారణం ఆ 65279.

ఈ 8204ను తేలిగ్గా తీసుకోకూడదని 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా'లో ఞకూ దీర్ఘానికీ మధ్య ఈ క్యారెక్టర్ ఉన్న స్ట్రింగు మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అక్కడ ఆ క్యారెక్టర్‌కు చేయడానికి పనేమీ లేదు. నా సూత్రం దీనికి కూడా సరిపోతుంది: పొల్లుకూ తెలుగు హల్లుకూ మధ్య ఉంటే అది ఉండాలి, ఇంకెక్కడ ఉన్నా తీసేయాలి. ఇది చూపించడానికి వాడే పేరు విషయం. పోల్చే కీలో మాత్రం దాన్ని పూర్తిగా తీసేస్తాను.

అందుకే ప్రతి పేరుకూ మూడు కాలమ్‌లు పెట్టాను. వచ్చింది వచ్చినట్టే ఒకటి, దాన్ని ఎవరూ ముట్టుకోరు. శుభ్రం చేసి తెరమీదా కాగితంమీదా చూపించేది ఇంకొకటి. పోల్చడానికి మాత్రమే వాడే కీ మూడోది. పాత కోడ్‌లో ఈ మూడింటికీ ఒకే కాలమ్ ఉండేది. గుణింతాలు రాలిపోయిన పేరునే దాచుకోవడంతో అసలు పేరు మళ్లీ రాబట్టుకునే దారి కూడా లేకపోయింది. పాత ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో మిగిలి ఉండబట్టి బతికిపోయాం.

దగ్గరి పేర్లు, దూరపు పేర్లు

ఇంత శుభ్రం చేశాక కూడా రాసే తీరులో తేడాలు ఉంటాయి. కృష్ణను క్రిష్ణ అని, క్రుష్ణ అని రాస్తారు. సుధాకర్‌ను సుదాకర్ అంటారు. లక్ష్మి, లక్ష్మీ రెండూ ఉంటాయి. వెంకటేశ్వరరావు, వెంకటేశ్వర్ రావు, వెంకటేశ్వర్రావు ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు రకాలుగా రాయించుకున్న పేరు కావచ్చు.

ఇలాంటి తేడాలకు మామూలుగా ఎడిట్ డిస్టెన్స్ వాడతారు. ఒక స్ట్రింగును ఇంకో స్ట్రింగుగా మార్చడానికి ఎన్ని క్యారెక్టర్లు చేర్చాలో, తీసేయాలో, మార్చాలో లెక్కపెట్టడమే ఎడిట్ డిస్టెన్స్. దూరం 2 లోపు అయితే ఒకే మనిషి అని నియమం పెట్టామనుకోండి. తెలుగులో ఇది ఎలా తప్పుతుందో చూడండి. 'కృష్ణ'లో ఋత్వం ఒక కోడ్ పాయింట్. 'క్రిష్ణ'లో దాని చోట పొల్లు, ర, గుడి అని మూడు ఉన్నాయి. ఒకటి మార్చి రెండు చేర్చాలి, కాబట్టి దూరం 3. అదే 'వీరమ్మ', 'వీరయ్య' తీసుకుంటే రెండు మ లు రెండు య లు అవుతాయి, దూరం 2. రమకూ రామకూ దూరం 1. అంటే ఒకే మనిషి పేరుకు రెండు రాతలను దూరం పెట్టి, ఆడమనిషినీ మగమనిషినీ ఒకటి చేస్తోంది. అంకె ఎంత పెట్టుకున్నా దీనితో లాభం లేదు, కొలిచే తీరే మారాలి.

నేను చేసింది రెండు మెట్లలో ఉంటుంది. మొదట కీలో తెలిసిన తేడాలను చదును చేస్తాను: ఋత్వం, రావత్తుతో గుడి, రావత్తుతో కొమ్ము మూడూ ఒకటే. శ, ష రెండూ స. ఒత్తక్షరాలు మామూలు అక్షరాలవుతాయి. క, చ, ట, త, ప లాంటి హల్లు ముందు వచ్చే పొల్లు న, పొల్లు మ సున్న అవుతాయి. పదం చివరి గుడి, గుడిదీర్ఘం ఒకటే. ఖాళీలు పోతాయి, ర్ర ను రర చేస్తాను. ఆ తర్వాత కూడా మిగిలిన తేడాలను కోడ్ పాయింట్ల వారీగా కాకుండా అక్షరాల వారీగా కొలుస్తాను. 'మ్మ' ఒక అక్షరం, 'య్య' ఒక అక్షరం. పేరు చివర అమ్మ, అయ్య తేడా వస్తే అది ఎంత చిన్న దూరమైనా జత కుదరదు. మధ్యలో హ్రస్వ దీర్ఘాల తేడాను చదును చేయలేదు, ఎందుకంటే రమ, రామ వేర్వేరు మనుషులు.

అక్షరం అంటే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పైథాన్ స్ట్రింగుకు తెలియదు. 'స్త్రీ' మనకు ఒక అక్షరం. పైథాన్ లెన్ ఫంక్షన్‌కు అది 6, యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే 18 బైట్లు. యూనికోడ్ చెప్పే గ్రాఫీమ్ క్లస్టర్ (చదివేవారికి ఒక్కటిగా కనిపించే ముక్క) కూడా చాలాకాలం పొల్లు దగ్గరే విరిగేది, అలా స్త్రీ మూడు ముక్కలయ్యేది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో ఒత్తులను కలిపి ఉంచే నియమం చేరింది, అది తెలుగుకూ వర్తిస్తుంది. మీ లైబ్రరీ ఏ వెర్షన్ డేటా వాడుతోందో చూసుకోకపోతే ఒక మెషీన్‌లో ఒకటి, ఇంకో మెషీన్‌లో మూడు అని వస్తుంది. ఆ బెడద లేకుండా నేనే చిన్న నియమం రాసుకున్నాను: ఒక హల్లు, దాని వెనక పొల్లూ హల్లూ జతలు ఎన్నయినా, ఆపై గుణింతమో విడి పొల్లో ఉంటే అది, చివర సున్నో విసర్గో. లేదంటే ఒక అచ్చు, దాని వెనక సున్నో విసర్గో.

కోత పడ్డ పేర్లు

పాస్‌బుక్ ప్రింట్ చేసే పాత ప్రోగ్రాముకు స్థిర వెడల్పు ఫైలు ఇవ్వాలి. పేరుకు 40 బైట్లు. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. 'వెంకటేశ్వర్లు' 13 కోడ్ పాయింట్లు, 39 బైట్లు, సరిగ్గా పడుతుంది. 'వెంకటేశ్వరరావు' 14, అంటే 42. కోస్తే చివరి కొమ్ములో మొదటి బైటు మాత్రమే మిగులుతుంది, అది ఒంటరిగా ఏ అక్షరమూ కాదు. పాస్‌బుక్‌లో 'వెంకటేశ్వరరావ' అని పడి పక్కన ప్రశ్నార్థకం ఉన్న డైమండ్ గుర్తు వచ్చింది. డీకోడ్ చేసేటప్పుడు లోపాలను వదిలెయ్ అని ఆప్షన్ పెడితే ఆ డైమండ్ పోతుంది. పేరు తప్పుగా ఉండటం మాత్రం అలాగే ఉంటుంది, పైగా ఎవరికీ కనిపించదు. ఆ ఆప్షన్ పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. ఫీల్డు వెడల్పు 120 బైట్లకు పెంచమని పట్టుబట్టాను, పెంచారు. మనిషి పేరు ఆ మనిషి చేతిలోని పుస్తకంలో నిండుగా ఉండాలి.

ఎస్సెమ్మెస్‌లో జాగా పెంచుకునే వీలు లేదు. ఒక మెసేజ్‌కు 140 బైట్లు. ఇంగ్లిష్ అయితే ఏడు బిట్ల లెక్కన 160 క్యారెక్టర్లు పడతాయి, తెలుగులో క్యారెక్టర్‌కు 2 బైట్లు కాబట్టి 70. మెసేజ్ రెండు ముక్కలైతే ఒక్కో ముక్కలో 67. పాత కోడ్ పేరును 10 క్యారెక్టర్ల దగ్గర కోసేది. 'వెంకటలక్ష్మి' కాస్తా 'వెంకటలక్ష్' అయ్యేది, గాల్లో వేలాడే పొల్లుతో. అక్షరం హద్దు దగ్గర కోసినా 'వెంకటల' మిగులుతుంది, అదీ బాగోదు. మెసేజ్‌లో పేరు బదులు సభ్యత్వ సంఖ్య పెట్టాం. పేరు నిండుగా పట్టినప్పుడే కోడ్ దాన్ని కూడా చేరుస్తుంది, పట్టకపోతే అసలు పెట్టదు.

కలిపే అధికారం ఎవరిది

పేర్లు ఎంత బాగా పోల్చినా, పేరు చూసి రెండు వరుసలను కలిపే అధికారం కోడ్‌కు ఇవ్వలేదు. కీలు కలిస్తే 'వీళ్లు ఒకరే కావచ్చు' అనే జాబితాలోకి వెళ్తారు. బ్యాంకు ఖాతా సంఖ్య కూడా కలిస్తేనే కలుపుతుంది. లేదంటే సెక్రటరీ గారు చూసి నిర్ణయిస్తారు. ఆయన తెర మీద రెండు పేర్లూ, తేడా ఉన్న అక్షరానికి రంగు వేసి కనిపిస్తాయి. కనిపించని క్యారెక్టర్ తేడా అయితే దాని పేరు తెలుగులో రాసి ఉంటుంది. పాత కోడ్ తీసేసిన వాళ్లందరినీ ఆ పెన్‌డ్రైవ్ ఫైలు నుంచి తిరిగి ఎక్కించి ఇదే దారిలో మళ్లీ పంపాం. చెల్లెలికి రావాల్సిన డబ్బును సంఘం తర్వాతి బిల్లులో సర్దుబాటు చేసింది.

ఇంకా తేలనిది ఇంటిపేర్ల పొడి అక్షరాలు. 'పోలిశెట్టి రాజు' అనే మనిషి యాప్‌లో 'పి. రాజు' అని ఉంటాడు, పాత రిజిస్టర్‌లో 'పో. రాజు' అని ఉంటాడు. పి అనేది ఇంగ్లిష్ అక్షరాన్ని తెలుగులో రాసింది, పో అనేది ఇంటిపేరు మొదటి అక్షరం. రెండింటినీ ఒకటిగా చూడాలంటే ప్రతి తెలుగు అక్షరానికీ ఇంగ్లిష్ పొడి అక్షరం ఏమవుతుందో పట్టీ కావాలి. చ, శ, ష లాంటివాటికి ఒకటి కంటే ఎక్కువ జవాబులుంటాయి. ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు రాజులు ఉన్నచోట ఆ పట్టీ కూడా చాలదు. ప్రస్తుతానికి పొడి అక్షరం ఉన్న పేర్లన్నీ కోడ్ పోల్చకుండా పక్కన పెడుతుంది, సెక్రటరీ గారు పాస్‌బుక్ నంబరు చూసి జతచేస్తున్నారు.